పుచ్చకాయలవాడి పాట: హెర్బీ హాంకాక్ సంగీతంలో శ్రమ, సొత్తు

హెర్బీ హాంకాక్ సంగీతం మీద వచ్చిన విమర్శ స్థూలంగా రెండు పాయలుగా కనిపిస్తుంది. 1973లో ఆయన జాజ్‌ను బజారులో అమ్మేశాడనేది ఒక పాయ. గుప్పెడు మంది రసికుల మధ్య చిక్కుకుపోయిన జాజ్‌ను మళ్లీ జనం మధ్యకు నడిపించాడనేది రెండో పాయ. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ కళాకారుడి చిత్తశుద్ధి చుట్టూనే తిరుగుతాయి. అమ్ముడుపోయాడా, పోలేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. ఆ అమ్మకంలో ఎవరెవరి శ్రమ కలిసి ఉంది, ఎవరి గొంతు పలికింది, వచ్చిన రాబడిలో ఎవరికి వాటా దక్కింది అన్న ప్రశ్న వెనక్కి పోతుంది. కళను సమాజ చరిత్రలో భాగంగా చూసేవారు ముందుగా అడగవలసింది ఈ ప్రశ్ననే అని నా అభిప్రాయం.

నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. పియానో స్వరలిపి నాకు రాదు. అయితే ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట ఎలా మారింది, చివరికి ఏ అర్థంతో నిఘంటువులో చేరింది అని వెతకడం మా చదువులో ఒక భాగం. ఆ పద్ధతిలోనే హాంకాక్ పాట ఒకదాన్ని పట్టుకుని, అది ముప్పై ఏళ్లకు పైగా నడిచిన దారిని ఇక్కడ పరిశీలిస్తాను. ఆ పాట పేరు 'వాటర్‌మెలన్ మాన్'. అంటే పుచ్చకాయలవాడు. హాంకాక్ జీవితంలోని ప్రధాన ఘట్టాలన్నీ ఏదో ఒక రూపంలో ఆ పాటను తాకుతూనే సాగాయి.

షికాగో సందులో పుట్టిన పాట

హాంకాక్ 1940 ఏప్రిల్ 12న షికాగోలో పుట్టాడు. దక్షిణాది పత్తి చేల నుంచి, అక్కడి జాతి వివక్ష చట్టాల నుంచి బయటపడటానికి లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు వలస పోయిన కాలం అది. షికాగో దక్షిణ భాగం అలా నిండిన వాడ. ఏడో ఏట హాంకాక్ పియానో నేర్వడం మొదలుపెట్టాడు. పదకొండో ఏట, 1952లో, షికాగో సింఫనీ వాద్యబృందంతో కలిసి మొజార్ట్ పియానో రచనలో ఒక భాగాన్ని వాయించాడు. తరువాత అయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు, సంగీతం చదివాడు. ఈ రెండు చదువులనూ మనం గుర్తుంచుకోవాలి. యూరప్ శాస్త్రీయ సంగీతపు క్రమశిక్షణ, విద్యుత్ పరికరాల పట్ల భయం లేని చనువు, నల్లవాడ వీధుల చప్పుడు: ఈ మూడింటి కలయికే తరువాతి హాంకాక్.

జాజ్ అంటే పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజల శ్రమ పాటలు, చర్చి గీతాలు, బ్లూస్ అనే శోకగీతాలు, సైనిక బాజాల వాద్యాలు కలిసి ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో న్యూ ఆర్లియన్స్ వంటి నగరాల్లో రూపుకట్టిన సంగీతం జాజ్. రాసిపెట్టుకున్న చిన్న బాణీని ఆధారం చేసుకుని వాద్యకారుడు అక్కడికక్కడ కొత్తగా అల్లుకుంటూ పోవడం దాని ప్రాణం. మన కచేరీల్లో మనోధర్మం అనే దానికి ఇది దగ్గరి చుట్టం.

ట్రంపెట్ వాద్యకారుడు డోనల్డ్ బర్డ్ 1960లో హాంకాక్‌ను తన బృందంలో చేర్చుకుని న్యూయార్క్ దారి చూపించాడు. 1962 మే నెలలో బ్లూ నోట్ అనే రికార్డు సంస్థకు హాంకాక్ తన తొలి రికార్డు చేశాడు. పేరు 'టేకిన్ ఆఫ్'. అందులో మొదటి పాటే 'వాటర్‌మెలన్ మాన్'.

నల్లజాతి జీవితం నుంచి ఒక వస్తువు తీసుకుని రాయాలన్నది అప్పుడు ఆయన తపన. కానీ ఆయన జైలు గోడలు ఎరగడు, పత్తి ఏరలేదు. తాను బతకని బతుకును అరువు తెచ్చుకోవడానికి ఇష్టపడలేదు. తన చిన్ననాటి షికాగోను తడుముకున్నాడు. రాళ్లు పరిచిన సందుల్లో గుర్రబ్బండి మీద పుచ్చకాయలు అమ్ముకుంటూ వచ్చే మనిషి గుర్తుకొచ్చాడు. ఆ రాళ్ల మీద బండి చక్రాల లయ పియానో లయ అయింది. ఇళ్ల వెనుక వసారాల నుంచి ఆడవాళ్లు అతన్ని పిలిచే పిలుపు బాణీ అయింది. పన్నెండు లెక్కల బ్లూస్ చట్రాన్ని పదహారు లెక్కలకు సాగదీసి అందులో దాన్ని అమర్చాడు.

పేరు విషయంలో ఆయనకు సంకోచం లేకపోలేదు. బానిసత్వం రద్దయ్యాక నల్లవారు కొందరు పుచ్చ తోటలు వేసుకుని, కాయలు అమ్ముకుని తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. అది కిట్టని తెల్లజాతి దురహంకారం ఆ పండునే వెక్కిరింతగా మార్చింది. కార్టూన్లలో, నాటకాల్లో పుచ్చకాయ అంటే నల్లవాడి సోమరితనానికి గుర్తు అయింది. ఒక స్వతంత్ర జీవనోపాధిని అవమానంగా తిప్పడం దోపిడీ సంస్కృతికి అలవాటైన పనే. హాంకాక్ ఆ పేరును దాచలేదు. చిన్నప్పుడు తాను చూసిన శ్రమజీవికి వెక్కిరింతలోంచి పేరు తిరిగి ఇప్పించాడు. అవమానించడానికి వాడిన మాటనే తలెత్తి పలకడంలో ఉన్న బలం ఏమిటో దళిత కవిత్వం చదివిన తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

హక్కు తెలిసిన కళాకారుడు

ఈ పాట కథలో రెండో అంశం డబ్బుకు సంబంధించినది. కళ గురించి మాట్లాడేటప్పుడు దీన్ని వదిలేయడం మన విమర్శకు పాత అలవాటు. కానీ ఇక్కడ వదిలేస్తే అసలు విషయమే పోతుంది.

అమెరికాలో ఒక పాట అమ్ముడైతే ఆ రచన మీద వచ్చే రాబడి సాధారణంగా రెండు వాటాలు. ఒకటి రాసినవారిది, రెండోది ప్రచురణ హక్కు ఉన్నవారిది. రికార్డు కంపెనీలు ఆ ప్రచురణ హక్కును కూడా తమ ఖాతాలో వేసుకోవడం ఆనవాయితీ. పేరు మోసిన బ్లూస్ గాయకులెందరో కొద్దిపాటి రొక్కానికి తమ పాటల్ని శాశ్వతంగా రాసిచ్చేశారు. పాటలు ప్రపంచం చుట్టి వచ్చాయి. వారు పేదవారిగానే పోయారు.

ఈ సంగతి బాగా తెలిసిన డోనల్డ్ బర్డ్ కుర్రవాడైన హాంకాక్‌ను ముందే హెచ్చరించాడు. రికార్డులో సొంత రచనలు పెట్టమన్నాడు. ప్రచురణ హక్కు ఎవరికీ ఇవ్వవద్దన్నాడు. హాంకాక్ తన పేరిట ఒక ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. బ్లూ నోట్ యజమానులు హక్కు అడిగినప్పుడు, పాటలు ఇప్పటికే తన సంస్థలో చేరిపోయాయని చెప్పాడు. ఇరవై రెండేళ్ల వయసులో, మొదటి రికార్డు అవకాశం చేజారుతుందేమోనన్న భయం ఉండగా, ఈ మాట చెప్పడానికి గుండె కావాలి. ఒక తరం కళాకారుడు మోసపోయి నేర్చుకున్నది తరువాతి తరానికి చెప్పడం, ఆ తరం దాన్ని పాటించడం: దీన్ని నేను ఒక వ్యక్తి తెలివితేటగా చూడను. నల్లజాతి వాద్యకారుల సమష్టి అనుభవం ఆనాడు హాంకాక్ నోట మాట్లాడింది.

ఆ పట్టుదల విలువ ఎంతో త్వరలోనే తేలింది. న్యూయార్క్‌లో క్యూబా నుంచి వచ్చిన కాంగా వాద్యకారుడు మాంగో శాంటమారియా బృందంలో ఒక వారాంతం హాంకాక్ బదులు మనిషిగా వాయిస్తున్నాడు. బర్డ్ ప్రోద్బలంతో తన పాటను అక్కడ వినిపించాడు. శాంటమారియా దానికి క్యూబా లయ కలిపాడు. కూర్చున్నవాళ్లు లేచి ఆడటం మొదలుపెట్టారు. శాంటమారియా చేసిన రికార్డు 1963లో అమెరికా జనాదరణ పట్టికలో పదో స్థానానికి చేరింది. షికాగో సందులోని పాటకు క్యూబా డప్పు తోడైంది. అది ఎన్నిసార్లు మోగితే అన్నిసార్లు రాసినవాడి వాటా రాసినవాడికి చేరింది.

'రచయిత' అనే పేరు

1963 నుంచి 1968 వరకు హాంకాక్ మైల్స్ డేవిస్ బృందంలో ఉన్నాడు. రాన్ కార్టర్, టోనీ విలియమ్స్, వేన్ షార్టర్ అతని తోటివారు. ఆ అయిదుగురి కలయిక జాజ్ చరిత్రలో ఒక శిఖరం. అదే కాలంలో తన సొంత పేరుతో 1964లో 'ఎంపీరియన్ ఐల్స్', 1965లో 'మెయిడన్ వాయేజ్' రికార్డులు చేశాడు. చేతికి విద్యుత్ పియానో ఇచ్చి వాయించమని పురమాయించింది కూడా మైల్సే.

ఆ సంవత్సరాల అమెరికాను తలచుకోండి. ఓటు హక్కు కోసం ఊరేగింపులు, వియత్నాం యుద్ధ వ్యతిరేకత, 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య. 1969లో హాంకాక్ కింగ్ స్మృతికి 'ది ప్రిజనర్' రికార్డును అంకితం చేశాడు. బందీ అని దాని అర్థం. ఆ తరువాత కట్టిన బృందంలో వాద్యకారులంతా ఆఫ్రికా భాష స్వాహిలిలో పేర్లు పెట్టుకున్నారు. హాంకాక్ ఎంచుకున్న పేరు మ్వాండిషి. దాని అర్థం రచయిత. 1970 డిసెంబరు 31న రికార్డు చేసి 1971లో విడుదల చేసిన 'మ్వాండిషి'లో మొదటి రచన ఏంజెలా డేవిస్ పేరిట ఉంది. అప్పటికి ఆమె జైలులో ఉంది. నిర్దోషిగా విడుదలైంది 1972 జూన్‌లో. పదిహేను మాత్రల ఆవర్తంతో, అదే లయను వదలకుండా పట్టుకుని సాగే ఆ రచన ఊచల ముందు గంటల తరబడి నిలబడ్డ మనిషిలా వినిపిస్తుంది నాకు.

ఈ బృందం మూడేళ్లు నడిచింది. 'క్రాసింగ్స్', 'సెక్స్‌టెంట్' రికార్డుల్లో ప్యాట్రిక్ గ్లీసన్ సింథసైజర్లతో విద్యుత్ ధ్వనుల్ని కొత్త ఎల్లలకు తీసుకుపోయింది. విమర్శకులు మెచ్చారు. కానీ వినేవారు పలచబడ్డారు. అన్ని వాద్యాలు, అంతమంది మనుషులు, అన్ని ప్రయాణాలు ఆర్థికంగా మోయలేని భారమయ్యాయి. 1973లో బృందాన్ని ఆపేయవలసి వచ్చింది. ప్రజల పక్షాన పలికిన సంగీతం ప్రజలకే అందకపోవడం చిన్న వైరుధ్యం కాదు. వస్తువు ఎంత ప్రగతిశీలమైనా రూపం మనిషి చెవిని పట్టుకోలేకపోతే ఏమవుతుందో మన సాహిత్య సంఘాల చరిత్రలోనూ చూశాం.

1973: అమ్మకమా, మలుపా?

అప్పటికే జాజ్‌లో మనోధర్మాన్ని, రాక్ సంగీతపు విద్యుత్ వాద్యాలను, ఫంక్ అనే నల్లజాతి నృత్య లయను కలిపే ప్రయత్నం మొదలైంది. దాన్నే ఫ్యూజన్ అన్నారు. 1969, 1970 సంవత్సరాల్లో మైల్స్ డేవిస్ రికార్డులు దారి తీశాయి. ఆయన దగ్గర వాయించినవారే వెదర్ రిపోర్ట్, మహావిష్ణు ఆర్కెస్ట్రా, రిటర్న్ టు ఫరెవర్ బృందాలు కట్టారు. హాంకాక్ 1973 అక్టోబరులో 'హెడ్ హంటర్స్' తెచ్చాడు. మొత్తం నాలుగే రచనలు. 'కమీలియన్'లో పదే పదే తిరిగే మంద్ర స్వరాల వరుసను ఆయనే సింథసైజర్ మీద వాయించాడు. ఇంకో రచనకు ఫంక్ కళాకారుడు స్లై స్టోన్ పేరు పెట్టాడు. ఆ రికార్డు పది లక్షలకు మించి అమ్ముడైంది. జాజ్‌కు అది కనీవినీ ఎరగని సంఖ్య.

అమ్ముడుపోయాడన్న నింద అప్పుడే పుట్టింది. నింద వేసినవారు ఒక సంగతి గమనించలేదు. ఫంక్ బయటి సరుకు కాదు. నల్లవాడల్లో యువకులు ఆడుతూ పాడుతూ ఉన్న సంగీతం అది. నైట్‌క్లబ్బు టికెట్టు కొనగలిగినవాడి జాజ్ శుద్ధమైనదనీ, వీధిలో ఆడేవాడి లయ మలినమైనదనీ అనుకోవడం వర్గ దృష్టే తప్ప సంగీత దృష్టి కాదు. ఈ విషయంలో నేను హాంకాక్ పక్షమే. ఆయన కిందికి దిగలేదు, బయలుదేరిన వీధికి తిరిగి వచ్చాడు. ఆ రికార్డులో రెండో రచన మళ్లీ 'వాటర్‌మెలన్ మాన్' కావడం కాకతాళీయం కాదు.

సీసాలోని ఊదు

కానీ ఈ రెండో రూపం వినండి. మొదట పియానో లేదు, బండి చక్రం లేదు. ఖాళీ బీరు సీసా మూతి మీద ఒకే స్వరాన్ని ఊదుతూ, ఆ ఊదుల మధ్య గొంతుతో కూత కలుపుతూ ఒక అల్లిక మొదలవుతుంది. దానిమీద క్రమంగా లయ చేరుతుంది. వాయించినవాడు బిల్ సమ్మర్స్. ఆ పద్ధతి మాత్రం అతనిది కాదు. మధ్య ఆఫ్రికా అడవుల్లో బా-బెంజెలే అనే పిగ్మీ ప్రజలు ఒకే స్వరం పలికే చిన్న పిల్లనగ్రోవిని ఊదుతూ మధ్యమధ్య గొంతు కలుపుతారు. దాన్ని హిందెహూ అంటారు. సీమా అరోమ్ అనే పరిశోధకుడు సహచరురాలితో కలిసి అక్కడ సేకరించిన సంగీతం 1966లో రికార్డుగా వచ్చింది. సమ్మర్స్ సీసాలో పలికించింది ఆ రికార్డులోని శైలినే.

1994లో మడోనా పాట 'శాంక్చువరీ'లో హాంకాక్ 1973 నాటి రికార్డు ముక్కను వాడుకున్నారు. పాట రాసినవారి జాబితాలో హాంకాక్ పేరు చేరింది. న్యాయమే. 1962లో కాపాడుకున్న హక్కు 32 ఏళ్ల తరువాత కూడా పని చేసింది. కానీ బా-బెంజెలే ప్రజల పేరు ఆ జాబితాలో లేదు. సంగీత మానవశాస్త్రవేత్త స్టీవెన్ ఫెల్డ్ 1996లో ప్రచురించిన వ్యాసంలో ఈ మొత్తం ప్రయాణాన్ని వివరించాడు. దీని గురించి హాంకాక్‌ను అడిగితే ఇది సోదరుల మధ్య వ్యవహారమన్న ధోరణిలో జవాబిచ్చాడని రాశాడు.

ఆ జవాబును కొట్టిపారేయలేం. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషుల వారసుడు ఆఫ్రికా సంగీతాన్ని తనదిగా భావించడంలో చారిత్రక సత్యం ఉంది. అతని జాతి సంగీతాన్ని తెల్ల కంపెనీలు ఎంత దోచుకున్నాయో లెక్కే లేదు. కానీ సోదరభావం ఒకవైపే నడిస్తే చాలదు. అన్న పేరు ఒప్పందం మీద ఉండి, తమ్ముడి పేరు ఎక్కడా లేకపోతే, అది వాటాలు పంచని ఉమ్మడి కుటుంబమే. హాంకాక్ దొంగ అని నేననను. అసలు లోపం చట్టం నిర్మాణంలో ఉంది. ఆ చట్టానికి ఒక మనిషి సంతకం కనిపిస్తుంది, ఒక జనసమూహం తరతరాల సృష్టి కనిపించదు. సంతకం పెట్టగలిగినవాడు సొంతదారు. మిగిలినదంతా ఎవరైనా కోసుకోగల అడవి. సంతకం విలువ అందరికంటే ముందు గ్రహించిన కళాకారుడు సంతకం లేనివారి గురించి కూడా ఆలోచించి ఉండవలసిందని మాత్రం అంటాను.

ప్రభావం, దాని బరువు

1983లో హాంకాక్ మరో మలుపు తీసుకున్నాడు. బిల్ లాస్వెల్, మైకేల్ బైన్‌హార్న్‌లతో కలిసి చేసిన 'రాకిట్'లో గ్రాండ్‌మిక్సర్ డి.ఎస్.టి. రికార్డును చేత్తో ముందుకు వెనక్కి గీకి పుట్టించిన చప్పుడే ముఖ్య వాద్యం. న్యూయార్క్ పేదవాడల్లో వాద్యాలు కొనలేని పిల్లలు పాత రికార్డు యంత్రాన్నే వాద్యంగా మార్చుకున్న కళ అది. 'రాకిట్' ద్వారా ప్రపంచమంతా విన్నది. నల్ల కళాకారుల పాటలు అరుదుగా వేసే ఎం.టీవీ కోసం తీసిన ఆ దృశ్యరూపంలో మరమనుషులే ప్రధానం. హాంకాక్ ఒక టీవీ తెరలో మాత్రమే కనిపిస్తాడు. అదేమీ యాదృచ్ఛికం కాదు. తన ముఖాన్ని వెనక్కి నెట్టుకుని సంగీతాన్ని తలుపు దాటించవలసి రావడం ఆనాటి మార్కెట్టు జాతి స్వభావానికి సాక్ష్యం.

1993లో అజ్‌త్రీ అనే బృందం హాంకాక్ 1964 నాటి 'కాంటలూప్ ఐలండ్' మీద తమ పాట కట్టి కొత్త తరానికి బ్లూ నోట్ సంగీతాన్ని పరిచయం చేసింది. 'రౌండ్ మిడ్‌నైట్' చిత్ర సంగీతానికి 1987లో ఆస్కార్, జోనీ మిచెల్ పాటల మీద చేసిన 'రివర్'కు 2008లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ గ్రామీ వచ్చాయి. 2009లో, కింగ్ భారత యాత్రకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, ఆయన కుమారుడు మార్టిన్ లూథర్ కింగ్ III తో కలిసి వచ్చి మన దేశంలో వాయించాడు. 2011లో యునెస్కో రాయబారి అయ్యాడు. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినంగా స్థిరపడటంలో ఆయన కృషి పెద్దది.

ఈ గౌరవాలన్నిటికీ ఆయన అర్హుడే. కానీ ఆయన చరిత్ర నుంచి మనం తీసుకోవలసినవి బహుమతుల పట్టిక కంటే గట్టివైన రెండు విషయాలు. ఒకటి: కళాకారుడు శ్రామికుడు; తన శ్రమ ఫలితం మీద హక్కు అడగడం కళకు కళంకం కాదు. రెండు: ఆ హక్కు తన సంతకం దగ్గరే ఆగిపోతే, అది తనకన్నా బలహీనుడి ముందు గోడగా నిలబడుతుంది.

మన దగ్గర నాట్లు వేసే పాట, దంపుళ్ల పాట పుస్తకంలోకో రికార్డులోకో ఎక్కినప్పుడు కింద 'జానపదం' అన్న ఒక్క మాటే మిగలడం మనకు తెలియంది కాదు. ఆ మాట గౌరవంగానే కనిపిస్తుంది, కానీ పాడిన మనిషి దాని వెనక పోతుంది. రచయితల సంఘాలు ఇక్కడ చేయగల పని ఉంది. పాట అచ్చువేసే ముందు పాడినవారి పేరు, ఊరు, పాడిన సంవత్సరం రాయాలి. ఆమె అనుమతి అడగాలి. రాబడి వస్తే ఆమెకూ ఆ ఊరికీ వాటా పంపాలి. చట్టం చెప్పేదాకా ఆగనక్కరలేదు. వచ్చే సంచికలో మనం అచ్చువేసే పాటలతోనే మొదలుపెట్టవచ్చు.